అకేడియనుల చరిత్రము - సంప్రదాయ ప్రామాణ్యము

దేశముపోయి, ఇండ్లు కాలి, బంధుజనము దిక్కులపాలైన జాతియొక్క చరిత్రమునకు ఆధారములను ఎక్కడ వెదకవలెను? శిలాశాసనములు లేవు, ప్రభువుల వంశావళులు లేవు. ఉన్నవి శత్రువు వ్రాసికొన్న దినచర్య, తాము మూటగట్టుకొనిపోయిన చర్చిపుస్తకములు, ముసలివారి నోట నిలిచిన పేర్లు. ఉత్తర అమెరికాలోని అకేడియనుల చరిత్రము ఇట్టిది. వారి సంప్రదాయములలో ప్రాచీనమైన దేదియో, అర్వాచీనమైన దేదియో విడఁదీసి చూచుట ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఇప్పటి కనడాదేశపు తూర్పుతీరమునందలి నోవాస్కోషియా మొదలగు ప్రాంతములను ఫ్రెంచివారు అకాడీ యనిరి. 1604లో దుగ్వా ద మోం అను ప్రభువు శాంప్లేనుతోఁ గూడ వచ్చి సేంత్ క్రవా దీవియందు విడిసెను. ఆ శీతకాలమున 79 మందిలో 35 మంది మరణించిరి. మిగిలినవారు మఱుసటియేఁడు ఫండీ అఖాతమును దాఁటి పోర్ రవాయాల్ నిర్మించుకొనిరి. కుటుంబములు వచ్చి నిలుకడగా కాఁపురముండుట 1630కిఁ దరువాతిమాట. 1671 నాఁటి జనసంఖ్యలో వారు సుమారు 400 మంది మాత్రమే. తక్కిన వృద్ధియంతయు చాలవఱకు ఆ నేలపైఁ బుట్టిన సంతానమే. కాఁబట్టి ఈ జాతి కొలఁది యింటిపేర్ల యల్లిక యనవచ్చును.

వారి విద్యలలో మొదట చెప్పఁదగినది గట్టుకట్టుట. ఫండీ అఖాతమున పోటు ఒక్కొక్కచోట 16 మీటర్లదాఁక లేచును. అడవులు నఱకి పొలము చేయుటకు మాఱుగా వారు ఈ పోటునీట మునుఁగు పచ్చికబయళ్లను సముద్రమునుండి గెలుచుకొనిరి. గడ్డివేళ్లతోఁగూడిన మట్టిపెళ్లలను పేర్చి గట్టు వేసి, దాని యడుగున మ్రానితో తూము అమర్తురు. తూములో చెక్కతలుపొకటి వ్రేలాడుచుండును. ఆటువేళ లోపలి వాననీరు తలుపును త్రోసికొని వెలుపలికిఁ బోవును. పోటువేళ సముద్రమే దానిని నెట్టి మూసికొనును. దీనిని అబ్వాతో అందురు. రెండుమూఁడేండ్ల వానలకు ఉప్పు కడుగుకొనిపోయి ఆ నేల గోధుమ పండును. మన డెల్టారైతు ఈ తూమును చూచిన వెంటనే గుర్తించును. ఇందు రెండు ఫలములు గలవు. గట్టు ఒక్కచోట తెగిన ఊరివారి పొలమెల్ల ఉప్పుబాఱును గనుక, ఊరంతయు కలసి పనిచేయుట వారికి నిర్బంధమయ్యెను. అడవి జోలికి అంతగాఁ బోలేదు గనుక, అక్కడి ఆదినివాసులగు మిక్‌మాకులతో మైత్రి నిలిచెను.

1713లో యూట్రెక్టు సంధివలన ఆ సీమ ఆంగ్లేయుల వశమయ్యెను. విధేయులమై యుందుము గాని ఫ్రెంచివారిమీఁద ఆయుధము పట్టము అని అకేడియనుల మాట. 1730లో గవర్నరు ఫిలిప్సు వారిచేఁ బ్రమాణము చేయించినప్పుడు ఈ నియమమును నోటితో నంగీకరించెను. లండనునకుఁ బంపిన కాగితమున మాత్రము దానిని చేర్పలేదు. నోటిమాటకును వ్రాఁతకును గల ఈ యెడమే పిమ్మట వారిని ముంచినవానిలో నొకటి యని నాకుఁ దోఁచుచున్నది. 1755 జూలై 28న లారెన్సును అతని సభవారును అకేడియనులను వెడలఁగొట్ట నిశ్చయించిరి. సెప్టెంబరు 5న కర్నలు విన్‌స్లో గ్రాం ప్రే చర్చిలోనికి 418 మంది పురుషులను, బాలురను పిలిపించి ఆ యాజ్ఞ చదివెను. ఆ పని తన స్వభావమునకు వెగటని అతఁడే చెప్పుకొనెను, అయినను చేసెను. 1763 లోపల సుమారు 10,000 మంది ఓడల కెక్కింపఁబడిరి. వర్జీనియావారు తమ వంతునకు వచ్చినవారిని కాదని ఇంగ్లండునకుఁ బంపివైచిరి. 1758 డిసెంబరులో ప్రవాసుల ఓడలు అట్లాంటికున మునిఁగి వందలకొలఁది జనము నశించెను. ఆ నెలలోనే, ఆ సప్తవర్ష సంగ్రామమునందే, మన చందుర్తికడ ఆంగ్లేయులు ఫ్రెంచివారిని జయించిరి. చందుర్తి యుద్ధము నెఱిఁగిన మనవారు ఆ సంగ్రామపు రెండవకొసను తలఁచుట అరుదు.

గ్రాం ప్రే చర్చియొక్క 1707 మొదలు 1748 వఱకుఁ గల జననవివాహాదుల పుస్తకములు ప్రవాసులతో లూయిసియానాకుఁ బోయినవి. నేఁడు బాటన్ రూజ్ నగరమున మతాధికారుల పత్రభాండాగారమున నున్నవి. సర్వము పోఁగొట్టుకొన్నవారు జనన మరణ పట్టికలను మోసికొనిపోయిరనుట చరిత్రకారులు మఱువరాని విషయము. లూయిసియానాకు 1785లో ఫ్రాన్సునుండి ఏడు ఓడలలో మఱి 1,600 మంది వచ్చిరి. అకాడియెన్ శబ్దమే అక్కడ నరిగి కేజన్ అయినది. నోవాస్కోషియాలో మిగిలినవారి గతి వేఱు. వారి పొలములను న్యూఇంగ్లండునుండి రప్పించిన వలసవారి కిచ్చిరి. క్రొత్తవారికి గట్ల పని తెలియదు. తెగిన గట్లను బాగుచేయుటకు వారు అకేడియనులనే కూలికిఁ బెట్టుకొనిరి!

ఇఁక నోటి సంప్రదాయము. అకేడియను గ్రామములలో మనుష్యుని తండ్రి, తాతల పేర్లతో గొలుసుకట్టి పిలుచుట కలదు; పియేర్ ఆ ఝాన్ ఆ ఝోసెఫ్ అనఁగా ఝోసెఫు కొడుకగు ఝాను కొడుకైన పియేరు. ప్రవర చెప్పుకొను మనకు ఇది వింతగాదు. వారి మాటయు ప్రాచీనమే. ఏకవచనమగు ‘నేను’ ప్రక్కను బహువచన ప్రత్యయముగల క్రియను వాడుదురు. వ్యాకరణజ్ఞులు దీనిని తప్పందురు గాని, 17వ శతాబ్ది పశ్చిమ ఫ్రాన్సు పల్లెల వాడుక ఇట్లు నిలిచినదని భాషాచరిత్రకారు లెఱుఁగుదురు. ఆ వైపున నాకును పక్షపాతము కలదు.

వీనికి భిన్నముగా, లోకమునకు మిక్కిలి తెలిసినది అర్వాచీనము. ఎవాంజెలీన్ కావ్యమును 1847లో రచించిన లాంగ్‌ఫెలో అకేడియనుఁడు కాఁడు, ఆ సీమను చూడనులేదు. 1865లో లెమే దానిని ఫ్రెంచి చేయఁగా అకేడియనులు తమదానినిగాఁ గైకొనిరి. 1920లో గ్రాం ప్రేయందు ఆ కల్పితనాయికకు విగ్రహమెత్తిరి. కావ్యమున వారు నోరులేని సాధుజనము. బోసొలేయ్ అను బ్రూసారు ఆయుధము పట్టి యేండ్లకొలఁది పోరాడి, 1765లో తనవారిని లూయిసియానాకు నడిపించిన సంగతి దానివలనఁ దెలియదు. ఆగస్టు 15వ తేది జాతీయోత్సవముగా నేర్పడుట 1881లో, పసిఁడిచుక్కగల త్రివర్ణపతాక 1884లో. ఆ పండుగనాఁడు కుండలు, మూఁకుళ్లు మ్రోయించుచు వీథులఁ దిరుగు తేంతమార్ అను కోలాహలము 1955లో, బహిష్కారమునకు 200 ఏండ్లు నిండినపుడు, మొదలిడినది. దీనిని తాతలనాఁటి యాచారమని తలఁచువారు పలువురు. క్రొత్తదగుటచేత అది కపటము కాఁజాలదు; జాతి తన్నుఁ దాను చాటుకొన్న సంవత్సరమునకు అదియే సాక్ష్యము. తేది తప్పుగాఁ జెప్పిననే దోషము.

2003లో కనడా రాణి పేర వెలువడిన ప్రకటన బహిష్కారపు దుఃఖము నంగీకరించి, జూలై 28ని స్మరణదినముగా నిర్ణయించెను. 2012లో గ్రాం ప్రే ప్రదేశము యునెస్కోవారి ప్రపంచవారసత్వ పట్టికలోఁ జేరెను. ఆ గట్ల వెనుకటి పొలములు ఇప్పటికిని పండుచున్నవి. వానిని దున్నువారు చాలవఱకు ఇతర వంశములవారు.