ఇంటి దుమ్ము, పెద్దవారిలో సీసం
ఇంటి దుమ్ములోని భారలోహాలను, ముఖ్యంగా సీసాన్ని, పసిపిల్లల సమస్యగానే చూడటం అలవాటు. కారణం లేకపోలేదు: నోట్లోకి వెళ్లిన సీసంలో పిల్లల ఒంటికి దాదాపు సగం పడితే, పెద్దలకు సుమారు పదోవంతే పడుతుంది. అయితే ఆ కొద్దిపాటిదీ ఎముకల్లో చేరి దశాబ్దాలు నిలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు, ముట్లుడిగాక మళ్లీ నెత్తుటిలోకి దిగుతుంది. రక్తపోటును పెంచుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి మోతాదు తక్కువేనన్న మాట పూర్తి జవాబు కాదు.

గడ్చిరోలి జిల్లాలో దుమ్మంటే ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ ఇనుప ఖనిజమే గుర్తొస్తుంది. కంటికి కనిపించే ఆ ఎర్రదుమ్ము ఊపిరితిత్తులకు చేటే గానీ, సీసానికి గుర్తు కాదు. సిరొంచ తాలూకా రేగుంట వంటి ఊళ్లలోనైనా సీసాన్ని వెదకాల్సింది పాత తలుపుల రంగుపెచ్చుల్లో, పాత బ్యాటరీలు విప్పేచోట, అక్కడ పనిచేసి ఇంటికొచ్చినవారి బట్టల్లో. ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లకు 90కి పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో అమలైంది. అంతకుముందు పూసిన రంగు ఎక్కడికీ పోలేదు. తిండి, నీళ్ల ద్వారా వచ్చేదే ఎక్కువ కదా అనవచ్చు. చాలా ఇళ్లలో అది నిజమే. కానీ మూత పెట్టని గిన్నెలో పడే దుమ్మూ తిండి లెక్కలోకే వెళ్తుంది. పొడి చీపురుతో ఊడిస్తే సన్నరేణువులు మళ్లీ గాలిలోకి లేస్తాయి. తడిగుడ్డతో తుడవడం మేలు.