వీనస్ నామము, విక్టోరిన్ వేతనము

1914 మార్చి 10వ తేదీ ఉదయమున లండన్ నగరపు నేషనల్ గ్యాలరీలో, స్పెయిన్ దేశపు మహాచిత్రకారుడు వెలాస్క్వెజ్ లిఖించిన, ప్రేమదేవతయైన వీనస్ చిత్రమున్న గదిలోనికి మేరీ రిచర్డ్‌సన్ అను యువతి స్కెచ్చి పుస్తకమొకటి చేతబట్టుకొని ప్రవేశించి, బొమ్మలకు నకలు వ్రాసికొను విద్యార్థినివలె అటునిటు తిరుగుచు, కావలివారి దృష్టి మఱలు క్షణమునకై వేచియుండి, కోటుచేతిలో దాచి తెచ్చిన మాంసము నఱకు కత్తిని వెలికిదీసి, చిత్రముపై నమర్చిన గాజుపలకను బ్రద్దలుకొట్టెను. ఆ చప్పుడు విని కావలివాడు పైకప్పునందలి అద్దమేదో పగిలి కూలుచున్నదని తల పైకెత్తి చూచెననియు, ఆ కొద్దిపాటి వ్యవధి తనకు చాలెననియు ఆమెయే అనంతరకాలమున స్వీయచరిత్రలో వ్రాసికొన్నది. వారు వచ్చి పట్టుకొనునప్పటికి వీనస్ వీపుమీదను భుజములమీదను దీర్ఘమైన గాట్లు పడియుండెను.

దానికి ముందటి దినమున గ్లాస్గో నగరములో, స్త్రీల వోటుహక్కుకై పోరాడుచుండిన ఎమ్మెలైన్ పాంక్‌హర్స్ట్‌ను పోలీసులు బంధించియుండిరి. నవీనచరిత్రలోని అత్యంత సుందరమైన వ్యక్తిత్వమును ప్రభుత్వము నాశనము చేయుచుండగా, పురాణసుందరియొక్క పటమును తాను నాశనము చేయుటలో వింత యేమని రిచర్డ్‌సన్ ప్రకటించినది. న్యాయస్థానము ఆఱుమాసముల శిక్ష విధించెను. అప్పటి ఆమె వాదమంతయు రాజకీయమైనది. కాని 1952లో పత్రికవారితో సంభాషించుచు, పురుషులు ఆ చిత్రముముందు దినమంతయు నోరు తెఱచికొని నిలువబడి చూచుట తనకు సహింపరాకుండెనని వేఱొక కారణము కూడ చెప్పెను. ఆమెను వీరనారిగా నిలుప దలచువారు, 1930వ దశకమున ఆమె ఇంగ్లండు ఫాసిస్టు పక్షములో చేరి పనిచేసిన సంగతిని గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. ఐనను ఆ రెండవ మాట విడువదగినది కాదు. ఐరోపా చిత్రశాలలలో అంతవఱకు విచారణయంతయు చిత్రింపబడిన స్త్రీనిగూర్చియే జరిగినది. చూచువానిని బోనెక్కించినవారు బహు తక్కువ.

ఆ పటమును కొంచెము దగ్గఱగా చూతము. వీనస్ మనవైపు వీపుపెట్టి శయనించియున్నది. రెక్కలుగల పసివాడైన మన్మథుడు ఎదుట ఒక అద్దము పట్టుకొనగా, దానిమీదుగా గులాబిరంగు పట్టుపట్టీ జాఱియున్నది. అద్దమునందామె ముఖము పొగచూరిన చిమ్నీలోని దీపమువలె మసకమసకగా తోచుచున్నది. మేనివంపు నంత నిపుణముగా లిఖించిన హస్తము ముఖమును మాత్రము ఎవరిదని పోల్చరాకుండ విడిచిపెట్టెను. 1813లో ఈ చిత్రము ఇంగ్లండు చేరి, యార్క్‌షైర్ ప్రాంతమున రోక్‌బీ భవనస్వామియైన మారిట్ దొర వశమయ్యెను. అతడు 1820లో మిత్రుడగు వాల్టర్ స్కాట్‌నకు వ్రాసిన జాబులో, దానిని చలిమంటగూటిపైన బాగుగా నెత్తున వ్రేలాడదీసితిననియు, అందుచేత ఇంటికి వచ్చిన స్త్రీలు తలవంచుకొని పోవుటకును, రసికులగు పురుషులు ఓరగా నొకసారి పైకి చూచుటకును వీలు కలిగెననియు నవ్వుచు వ్రాసెను. పటమును ఎంత యెత్తున కట్టవలెనను చిన్న విషయమునందు ఆ కాలపు మర్యాదయంతయు ఇమిడియున్నది. 1906లో కళాభిమానులు చందాలు ప్రోగుచేసి 45,000 పౌనులకు కొని జాతి కర్పించినప్పుడు ఆ పటమునకు కలిగిన గౌరవము వీనస్ అను పేరుచేతనే నిలచినది.

ఈ పేరు పెట్టుట యను ఉపాయము ప్రాచీనమైనది. ఫ్లోరెన్సు నగరపు ఉఫీజీ చిత్రశాలలో నేడు ఉర్బినో వీనస్ అని పిలువబడు చిత్రమును ఇటలీ చిత్రకారుడు టిషియన్ 1538లో పూర్తిచేసెను. దానిని కొనగోరిన గుయిదోబాల్దో దెల్లా రోవెరె అను రాజకుమారుడు తన మనుష్యునికి వ్రాసిన లేఖలో, ఆ చిత్రములోని యామెను వట్టి నగ్నస్త్రీ యనియే పేర్కొన్నాడు. దేవతయని గాని, వీనస్ అని గాని అతడనలేదు. అనుటకు చిత్రములో ఆధారమును స్వల్పమే: పడకయొద్ద కుక్కపిల్ల నిద్రించుచున్నది, వెనుక గదిలో నొక దాసి మోకాళ్లపై వంగి పెట్టెలో బట్టలు వెదకుచున్నది, ఇంకొకతె ప్రక్కన నిలువబడియున్నది, ఇది యొక కలవారి యింటి పడకగది. ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట వసారి తన చిత్రకారుల చరిత్రలో ఆమెను వీనస్ అని వ్రాసెను. అప్పటినుండి ఆమె దేవతయే.

ఆ పేరు లేనప్పుడేమగునో స్పెయిన్ చిత్రకారుడు గోయా యెఱుగును. స్పెయిన్ ప్రధానమంత్రి గోదోయ్ ఆంతరంగిక మందిరమున వెలాస్క్వెజ్ వీనస్‌తోపాటు గోయా లిఖించిన రెండు చిత్రములుండెను. ఒకే యువతి, ఒకే పడక, ఒకే భంగిమ; ఒకదానిలో వస్త్రధారిణి, వేఱొకదానిలో వివస్త్ర. ఆమె మాద్రిదు నగరపు సామాన్యస్త్రీ. చిత్రములో మన్మథుడు లేడు, అద్దము లేదు. గోదోయ్ పతనానంతరము, 1815లో మతవిచారణ న్యాయస్థానము గోయాను పిలిపించి, ఈ వివస్త్రచిత్రము ఎవరికొఱకు, ఏ యుద్దేశముతో వ్రాసితివని సంజాయిషీ కోరినది. ఆ స్పెయిన్ దేశమే 1930లో అదే చిత్రమును తపాలాబిళ్లపై ముద్రించుట విశేషము.

ఇక తూలిక పట్టినవా రెవరు? 1768లో స్థాపితమైన లండన్ రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యులలో ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అను స్త్రీ లిద్దఱుండిరి. కొలది సంవత్సరములకే జోఫనీ అను చిత్రకారుడు ఆ సభ్యులు నగ్నపురుషుని నమూనాగా నిలుపుకొని చర్చించుచుండు దృశ్యమును లిఖించుచు, ఈ యిద్దఱు స్త్రీలను ఆ గదిలో నిలుపుట మర్యాద కాదని కాబోలు, గోడకు తగిలించిన పటములుగా మాత్రము చూపెను. సభ్యులైనవారే గోడ కెక్కినపుడు తక్కినవారి మాట చెప్పనేల? ఆ అకాడమీ పాఠశాలలో స్త్రీలకు జీవచ్ఛరీరమును చూచి చిత్రించు తరగతి 1893లో గాని లభింపలేదు, అదియు నమూనా కొంత వస్త్రము కట్టుకొనియున్నపుడే. ప్యారిస్ ప్రభుత్వ కళాశాల 1897 వఱకు వారికి ద్వారమే తెఱవలేదు. స్త్రీశరీరము గోడనిండ పఱచుకొనియున్న భవనమున స్త్రీకి పీట లేదు.

1865 నాటి ప్యారిస్ సలోను అను చిత్రప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు మానే లిఖించిన ఓలింపియా ప్రదర్శింపబడినపుడు చెలరేగిన కోపమును ఈ నేపథ్యముననే గ్రహింపవలెను. రెండేండ్ల క్రిందట, 1863లో, అదే సలోనున కబనెల్ అనునాతడు సముద్రతరంగములపై నొత్తిగిల్లి పండుకొన్న వీనస్‌ను లిఖింపగా, మూడవ నెపోలియన్ చక్రవర్తి ముచ్చటపడి కొనియుండెను. నగ్నత్వము ప్యారిస్ ప్రజలకు క్రొత్త కాదు. మానే తన యౌవనమున ఫ్లోరెన్సుకు పోయి టిషియన్ చిత్రమునకు నకలు వ్రాసికొన్నవాడు. ఆ పడక, ఆ భంగిమ అచ్చటివే. కాని దేవతాలక్షణముల నతడు ఒకటొకటిగా తొలగించెను. నిద్రించు కుక్కపిల్లకు బదులు వీపు పైకెత్తి నిలిచిన నల్లపిల్లి వచ్చినది. మెడకు నల్లని నాడా, కొప్పున పూవు, ముంజేత కంకణము, ఒక కాలికి మాత్రమే జోడు. ఎడమచేయి ఊరువుపై దృఢముగా నదిమియున్నది. నల్లజాతి పరిచారిక కాగితము చుట్టిన పూలగుత్తిని తెచ్చి చూపుచున్నది. అది యెవడో ప్రియుడు పంపినదని ప్యారిస్ వాసి కెవనికైన చెప్పక తెలియును. నాయిక ఆ పూలవంక చూచుట లేదు. నేరుగా మనవంక, వచ్చినవాని జేబు బరువు నంచనా వేయు చూపుతో చూచుచున్నది.

జనము రెచ్చిపోయిరి. గొడుగులతోను చేతికఱ్ఱలతోను ఎవరైన పొడుతురేమోనని కావలివారిని నియమించి, పిదప చేతి కందనంత యెత్తున, ఒక ద్వారముపైని చిత్రమును తగిలించిరి. రోక్‌బీలో మారిట్ దొర చేసిన పనియే యిది. అచ్చట అతిథుల సిగ్గును కాపాడుటకు, ఇచ్చట పటమును కాపాడుటకు. నా యభిప్రాయమున ఓలింపియాపై వచ్చిన క్రోధమునకు వివస్త్రత కారణము కాదు. రాత్రివేళ రహస్యముగా పోవలసిన ఇంటికి పట్టపగలు భార్యాబిడ్డలతో వచ్చినట్లును, అచ్చటి యామె తమను గుర్తుపట్టినట్లును ఆ ప్రేక్షకులకు తోచినది.

ఇంతలో ఛాయాగ్రహణము వచ్చినది. 1839లో డాగెర్ పద్ధతి ప్రకటింపబడిన కొలది కాలమునకే ప్యారిస్‌లో నగ్నస్త్రీల ఛాయాచిత్రముల వ్యాపారము వర్ధిల్లెను. ఇందును ఒక మేలిముసుగు దొరకినది: ఇవి చిత్రకళాభ్యాసము చేయువారి యుపయోగార్థమని చెప్పి అధికారుల యనుమతి పొంది యమ్మిరి. కొన్నవారందఱును తూలిక పట్టియుండినయెడల ఫ్రాన్సుదేశమున గోడలు చాలకపోయెడివి. ఛాయాచిత్రములు చూచు స్టీరియోస్కోపు యంత్రపు రంధ్రములపైకి వంగిన ఆకలికన్నులను గూర్చి 1859లోనే బోదలేర్ కవి ఈసడించుచు వ్రాసెను. 1874లో లండన్ పోలీసులు ఒక్క వ్యాపారియొద్దనే 1,30,000కు మించిన అశ్లీల ఛాయాచిత్రములను పట్టుకొనిరి.

మన దేశమునకు పేరుచాటున చూపు ఈ విద్య తైలవర్ణములతోపాటు వచ్చినది. రాజా రవివర్మ 1894లో బొంబాయియందు స్థాపించిన ముద్రణాలయమునుండి లక్ష్మీసరస్వతుల పటములతోపాటు రంభ, మేనక, తిలోత్తమ మొదలగువారి పటములును వెలువడి, తెలుగుదేశపు ఇండ్లకును అంగళ్లకును చేరెను. అప్సరస యను పేరు వీనస్ చేసిన పనియే యిచ్చట చేసినది. మన ప్రబంధకవులు మాత్రము ఆపాదమస్తకము వర్ణింపలేదా యని పాఠకు లడుగవచ్చును. వర్ణించిరి, మితిమీఱియే వర్ణించిరి. కాని పద్యములోని సుందరిని ఏ పాఠకుని కాపాఠకుడు ఊహించుకొనవలసినదే, దానికొఱకు నిజమైన స్త్రీ యెవతెయు గంటలకొలది చలిలో కదలక కూర్చుండనక్కఱలేదు. పటమునకు ఒక మనిషి కావలెను. తరువాతి కాలమున ఎరువుల కొట్టువాడును, పంపుసెట్ల కంపెనీవాడును, సంవత్సరాదికి పంచిపెట్టిన క్యాలెండర్లలో బిందె చంకనెత్తుకొని తడిబట్టతో నిలిచిన సుందరికి ఎరువుతోగాని పంపుతోగాని ఏమి సంబంధమని యెవరును అడిగినట్లు లేదు.

క్యాలెండరు ప్రస్తావన వచ్చినది గనుక అమెరికా సంగతి యొకటి చెప్పవలెను. 1949లో హాలీవుడ్‌లో పని దొరకక డబ్బునకు కటకటపడుచుండిన ఒక యువతి, టామ్ కెల్లీ అను ఛాయాగ్రాహకుని యెదుట ఎఱ్ఱ మఖమలుగుడ్డపై నగ్నముగా శయనించి 50 డాలర్లు పుచ్చుకొన్నది. హక్కుల పత్రముపై తన పేరు పెట్టుటకు వెఱచి మోనా మన్రో యని సంతకము చేసినది. కెల్లీయొద్ద నుండి ఆ ఛాయాచిత్రములను కొన్న క్యాలెండరు వ్యాపారులు ప్రతులు విశేషముగా నమ్ముకొనిరి. ఆమెయే మర్లిన్ మన్రోయై ఆ పేరు లోకమంతట మ్రోగుచుండగా, 1953లో హ్యూ హెఫ్నర్ ఆ చిత్రములలో నొకదానిని 500 డాలర్లకు సంపాదించి తన క్రొత్తపత్రిక ప్లేబాయ్ మొదటి సంచికలో ముద్రింపగా, 50,000కు పైగా ప్రతులు చెల్లినవి. ఆమెకు మొదట ముట్టిన 50 డాలర్లకు మించి ఒక్క సెంటును రాలేదు.

ఈ లెక్క యామెతో మొదలైనది కాదు. ఓలింపియాకు నమూనాగా కూర్చున్న యువతి పేరు విక్టోరిన్ మ్యూరాన్. ఆ చిత్రములోని పరిచారికకు నమూనాయైన లోర్‌ను గూర్చియైతే మానే చేతిపుస్తకములో పేరును ఒక వీధి చిరునామాయును తప్ప దాదాపుగా మఱేమియు మిగులలేదు. మానే 1883లో మరణించిన తరువాత విక్టోరిన్ అతని భార్యకు ఒక జాబు వ్రాసెను. చిత్రములు అమ్ముడుపోయినపుడు తనకు కొంత బహుమానమిత్తునని ఆయన అనియుండెననియు, అప్పుడు తాను వలదంటిననియు, నమూనాగా కూర్చుండుటకు శక్తి యుడిగిననాడు జ్ఞప్తి చేయుదునని చెప్పితిననియు, ఆ దినము తాననుకొన్నదానికంటె ముందే వచ్చినదనియు దాని సారాంశము. దాని కామెకు ధనము ముట్టినట్లు ఆధారము లేదు. 1890లో చిత్రకారుడు మోనే ప్రభృతులు చందాలు వసూలుచేసి దాదాపు 20,000 ఫ్రాంకులు కూర్చి ఓలింపియాను ఫ్రెంచి ప్రభుత్వమున కర్పించిరి.

విక్టోరిన్‌ను వీధిలో పడి నశించిన పతితగా పెక్కేండ్లపాటు వ్రాసినవారు ఆమె తానును చిత్రకర్త్రి యన్న సంగతి మఱచిరి. 1876లో సలోనువారు మానే చిత్రములను త్రోసివైచి, ఆమె లిఖించిన ఆత్మచిత్రమును స్వీకరించిరి. 1903లో ఫ్రెంచి చిత్రకారుల సంఘమున ఆమెకు సభ్యత్వము దొరకినది. 1927లో ప్యారిస్‌కు చేరువనున్న కొలోంబ్ పట్టణమున, ఎనుబదిమూడేండ్ల ప్రాయమున ఆమె గతించినది. ఆమె వ్రాసిన పటములలో లభించినవి అతిస్వల్పము. అందొక ఆత్మచిత్రమును 2021లో బోస్టన్ లలితకళా ప్రదర్శనశాల సంపాదించెను. మానే ఆమెను లిఖించిన ముఖచిత్ర మొకటి ఆ శాలలో అంతకు పూర్వమునుండియే యున్నది.