నాణెం మీద రాసుంటే దేవుడున్నట్టేనా? ఆదోని బజారు చెప్పే జవాబు

మొన్నామధ్య ఆఫీసు కేంటీన్లో చిన్న గొడవైంది. గొడవంటే పెద్దదేం కాదు, పప్పన్నం చల్లారేంత సేపు. టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు మాటల మధ్యలో తనకి దేవుడి మీద నమ్మకం లేదన్నాడు. అంతే, ఎదురుగా కూర్చున్న సీనియర్ ఒకాయన (మేమంతా "అన్నా" అనే పిలుస్తాం) పర్సులోంచి ఒక డాలరు నోటు తీసి బల్ల మీద పెట్టాడు. ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తూ దాచుకున్నదట.

"చదువు తమ్ముడూ, ఏం రాసుంది? ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్. చంద్రుడి మీదికి మనిషిని పంపిన దేశం ఊరికే రాసుకుంటుందా? మన రాజముద్ర కింద ఏముంది, ఉపనిషత్తు వాక్యం. ఇన్ని దేశాలకి తెలీనిది నీకొక్కడికే తెలిసిందా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ కుర్రాడు మాతో భోజనానికి రావడం మానేశాడు.

ఆ నవ్వు నాకు కొన్నాళ్ళు గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు బల్ల దగ్గర చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ముందే ఒక మాట: నేను నాస్తికుణ్ణేం కాదు. ఊరికెళ్తే మంత్రాలయం దర్శనం చేసుకోకుండా తిరిగిరాను. కానీ అన్న చేసిన వాదన తప్పు. అది తప్పని చూపించడానికి అమెరికా దాకా వెళ్ళే ముందు మా ఊళ్ళ చరిత్ర ఒకసారి చూస్తే చాలు.

మాది ఎమ్మిగనూరు. పక్కనే ఆదోని. బయటివాళ్ళకి ఎమ్మిగనూరంటే మగ్గాలు, ఆదోని అంటే పత్తి మార్కెట్టు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ రెండూ బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆదోనిలో కొండల మీద పాత కోట ఉంది. ఆ కోట ఎన్ని చేతులు మారిందో, కింద బజారులో చెల్లే డబ్బు మీద రాతలు, బొమ్మలు కూడా అన్నిసార్లు మారాయి.

మొదట విజయనగరం. హంపి మాకు దూరమేం కాదు. ఆ రాజుల దానశాసనాలు చాలావాటి చివర రాజు సంతకం ఉండాల్సిన చోట "శ్రీ విరూపాక్ష" అని ఉంటుంది. అంటే రాజ్యం తరఫున సంతకం పెట్టింది దేవుడన్నమాట. మరి నాణేలు? దేవరాయల కాలపు నాణేల మీద ఉమామహేశ్వరులు. కృష్ణదేవరాయల వరహాల మీద బాలకృష్ణుడు. 1565 యుద్ధం తర్వాత వచ్చిన ఆరవీటి వంశంలో తిరుమలరాయల నాణేల మీద సీతారామలక్ష్మణులు, వేంకటపతిరాయల నాణేల మీద వేంకటేశ్వరుడు. ఒకే సామ్రాజ్యం, ఒకే మతం, అయినా బొమ్మ ఇన్నిసార్లు మారింది. పైన లోకాన్ని నడిపేవాడు మారాడని ఎవరూ అనుకోలేదు. రాజుగారి ఇష్టదైవం మారింది, అంతే.

1568లో ఆదోని బీజాపూరు సుల్తానుల చేతికి వెళ్ళింది. వాళ్ళ తరఫున ఇక్కడ పాలించిన సిద్ది మసూద్ ఖాన్ పేరు మా ప్రాంతంలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆదోని జామియా మసీదు కట్టించింది ఆయనే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చింది కూడా ఆయనే అని మఠం సంప్రదాయం చెబుతుంది. 1680ల చివర్లో ఔరంగజేబు సైన్యం కోట పట్టుకుంది. ఊరి పేరు ఇంతియాజ్‌గఢ్‌గా మారింది. ఆ పేరుతోనే ఇక్కడ మొఘలుల టంకశాల నడిచింది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మొఘలుల్లో మతనిష్ఠ ఎక్కువ ఎవరికి అని అడిగితే ఎవరైనా ఔరంగజేబు పేరే చెబుతారు. అలాంటప్పుడు ఆయన నాణేల మీద కలిమా, అంటే "అల్లా తప్ప వేరే దేవుడు లేడు" అనే విశ్వాస వాక్యం, ఉండి తీరాలి కదా? లేదు! అంతకుముందు మొఘల్ నాణేల మీద ఉండే ఆ వాక్యాన్ని గద్దెనెక్కిన కొత్తలోనే తీసేయించింది ఆయనే. నాణెం అన్నాక నానా చేతులూ మారుతుంది, కింద పడుతుంది, కాళ్ళకింద నలుగుతుంది; పవిత్ర వాక్యానికి ఆ అపచారం జరక్కూడదని. కాబట్టి ఇంతియాజ్‌గఢ్ రూపాయి మీద మనకి కనిపించేది పాదుషా పేరు, ఊరి పేరు, ఏలుబడి సంవత్సరం. ఆ రూపాయి చూసి ఔరంగజేబుకి దేవుడి మీద నమ్మకం లేదని ఎవరైనా అంటే మనం నవ్వమా?

దీనికి సరిగ్గా ఉల్టా కథ హైదర్ అలీది. 1770ల్లో ఆదోని మీదికి దండెత్తినవాడే. ఆయన ముస్లిం పాలకుడు, కానీ ఆయన వరహాకి ఒకవైపు శివపార్వతులు, రెండోవైపు పారసీ లిపిలో ఆయన పేరులోని మొదటి అక్షరం. బెదనూరు నాయకుల రాజ్యం గెలిచినప్పుడు అక్కడి నాణెం బొమ్మని అలాగే ఉంచేశాడు. కారణం సులువు. బజారులో షాహుకారు గుర్తుపట్టే నాణెం అది. గుర్తుపట్టని నాణెం ఎంత బంగారమైనా వడ్డీ వ్యాపారి వంకలు పెడతాడు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. కంపెనీ దొరలు ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళ మద్రాసు టంకశాల కొట్టిన "స్టార్ పగోడా" మీద మాత్రం ఒకవైపు నక్షత్రం, రెండోవైపు విష్ణుమూర్తి. ఆ తర్వాత కొట్టిన అర వరహా, పావు వరహాల మీద గుడి గోపురం కూడా వేశారు, చుట్టూ తెలుగు అక్షరాలతో సహా. కంపెనీ డైరెక్టర్లు నామాలు పెట్టుకున్నారా? లేదు. వాళ్ళకి కావలసింది ఆ నాణెం చెల్లడం.

తర్వాత విక్టోరియా రాణి. లండన్లో ఆమె నాణేల మీద "దేవుడి దయవల్ల రాణి" అని లాటిన్‌లో ఉండేది. 1849లో కొత్త ఫ్లోరిన్ మీద ఆ ముక్క వదిలేస్తే జనం గోల చేశారు, "దేవుడు లేని ఫ్లోరిన్" అని పేరు కూడా పెట్టారు. ఆ మాట తర్వాతి ఫ్లోరిన్ మీదికి తిరిగొచ్చింది. అదే రాణి బొమ్మతో ఆదోనిలో చెల్లిన రూపాయి మీద దేవుడి మాటే లేదు. దేవుడి దయ సూయజ్ కాలవ దాటి ఇటు రాలేదంటారా :)

ఇప్పుడు అన్న వాదనని ఈ బజారులో పెట్టి చూడండి. రాజ్యం దేవుడి పేరు రాసుకోవడం దేవుడున్నాడనడానికి సాక్ష్యమైతే, ఆదోనిలో ఒక వందేళ్ళు శివుడున్నాడు, ఇంకో వందేళ్ళు లేడు, మళ్ళీ హైదర్ వచ్చాక ఉన్నాడు, మన్రో రాగానే విష్ణువయ్యాడు, విక్టోరియా రాగానే ఎవరూ లేరు. ఇలాంటి అవుట్‌పుట్ ఇచ్చే టెస్టుని మనం ఆఫీసులో అయితే ఏం చేస్తాం? టెస్టే తప్పని పక్కన పడేస్తాం. నాణెం మీద రాత ఫైలు పైన రాసే కామెంటు లాంటిది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఇవి తెలుస్తాయి. కింద కోడు సరైనదా కాదా అనేది కామెంటు చదివితే తెలీదు. అలాగని కోడు తప్పు అని కూడా తెలీదు, అది వేరే సంగతి.

మా అబ్బ (మా వైపు తాతని అబ్బ అంటాం) ఈ మాటే ఇంకా సులువుగా చెప్పేవాడు. ఆదోనిలో పత్తి అమ్మినప్పుడు మండీలో లెక్క రాసిచ్చే చీటీ పైన "శ్రీరామ" అని ఉండేది. ఒకసారి ఆ చీటీ చూసి నేను ముచ్చటపడితే, "పైన సూసేదేముందిరా, కింద కూడిక సూడు" అన్నాడు. ఆయన రాముడి భక్తుడే. భక్తుడు కాబట్టే ఆ పేరు పైన ఉన్నంతమాత్రాన తూకం సరిపోయిందని నమ్మేవాడు కాదు.

సరే, డాలరు దగ్గరికొద్దాం. ఆ వాక్యం అమెరికా పుట్టినప్పటి నుంచీ లేదు. మొదట వచ్చింది 1864లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, రెండు సెంట్ల నాణెం మీద. జాతీయ నినాదం అయింది 1956లో, దేవుణ్ణి ఒప్పుకోని సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో. కాగితపు నోట్ల మీదికి 1957లో ఎక్కింది. అంటే చంద్రుడి మీదికి మనిషిని పంపడానికి పన్నెండేళ్ళ ముందు! మధ్యలో 1907లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొత్త బంగారు నాణేల మీద ఆ వాక్యం లేకుండా చేయించాడు. కారణం? డబ్బు మీద దేవుడి పేరు రాయడం అపచారమని. అచ్చం మన ఔరంగజేబు మాటే! మర్నాడే కాకపోయినా 1908లో వాళ్ళ కాంగ్రెస్ చట్టం చేసి ఆ వాక్యాన్ని తిరిగి తెచ్చింది.

ఇంకో విచిత్రం చూడండి. ఆ వాక్యం రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెళ్తే, 1970లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు ఏమందంటే, అది దేశభక్తికి సంబంధించిన లాంఛనం, మతస్థాపనతో దానికి సంబంధం లేదని. 1984లో జస్టిస్ బ్రెనన్ ఇంకో కేసులో, ఇలాంటి మాటలు వల్లించి వల్లించి వాటి మతార్థం అరిగిపోయింది కాబట్టే చెల్లుబాటు కావచ్చని రాశాడు. అంటే ఆ వాక్యాన్ని కోర్టులో నిలబెట్టిన వాదన "ఇది దేవుడి గురించి పెద్దగా ఏమీ చెప్పట్లేదు" అనేదే. నిజమైన భక్తుడికి దీనికన్నా అవమానం ఉంటుందా?

ఇక మన రాజముద్ర. 1950 జనవరి 26న స్వీకరించాం. "సత్యమేవ జయతే" ముండకోపనిషత్తులోదే, కానీ గెలిచేది సత్యం అంటోంది, అందులో ఏ దేవుడి పేరూ లేదు. పైన సింహాలు బౌద్ధుడైన అశోకుడివి. ఆ అశోకుడి శాసనాలు మా జిల్లాలోనే జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద ఉన్నాయి. వాటిలో ఆయన తనని "దేవానాంప్రియుడు" అని చెప్పుకున్నాడు. అదే బిరుదు లంకలో తిస్స అనే రాజుకీ ఉంది. రాజులకి అలవాటైన బిరుదది.

అన్నింటికన్నా ముఖ్యమైన తేదీ 1949 అక్టోబరు 17. ఆ రోజు రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అనే సభ్యుడు, రాజ్యాంగ పీఠిక "దేవుడి పేరిట" అని మొదలవ్వాలని సవరణ పెట్టాడు. వద్దన్నవాళ్ళంతా నాస్తికులు కాదు. దేవుణ్ణి ఓటింగుకి పెట్టే పరిస్థితి తేవద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలింది. నమ్మకం మనిషి సొంత విషయం, అందరి మీదా రుద్దకూడదని హృదయనాథ్ కుంజ్రూ అన్నాడు. కామత్ వినలేదు. ఓటింగు జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది.

ఆ సాయంత్రం దేవుడు లేడని తేలిపోయిందా? అన్నని అడిగితే "అదేం పిచ్చి ప్రశ్న" అంటాడు. నిజమే, పిచ్చి ప్రశ్నే. మరి అంకెలు తారుమారై 68 - 41 అయ్యుంటే దేవుడున్నాడని తేలేదా? రెండోదానికి ఔనంటే మొదటిదానికీ ఔననాలి. భక్తుడు ఆ బేరానికి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఆ రాజ్యాంగమే మూడో షెడ్యూల్లో ప్రమాణాల దగ్గర రెండు దారులు ఇచ్చింది. దేవుడి పేరిట ప్రమాణం చెయ్యొచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా గంభీరంగా మాట ఇవ్వొచ్చు. రెండిట్లో ఏదైనా మంత్రి పదవికి ఒకటే, జడ్జి పదవికి ఒకటే. ఎడమ చేతివాటం వాడికీ కుడి చేతివాటం వాడికీ ఒకే కీబోర్డు లాగా.

దేవుడున్నాడా లేడా అన్నది పెద్ద ప్రశ్న. దాని మీద నాకున్న నమ్మకం నాది, ఆ కుర్రాడి అనుమానం అతనిది. ఆ చర్చ చేసుకోవడానికి ఎన్నో వాదనలున్నాయి, చేసుకుందాం. కానీ ప్రభుత్వ ముద్రని తీసి ఎదుటివాడి నోటికి అడ్డం పెట్టడం చర్చ కాదు. అది "ఇంతమందిమి ఇటున్నాం, నువ్వెవడివి" అనడం. నేను నవ్వింది అందుకే అని ఇప్పుడర్థమవుతోంది. వాదన బలంగా ఉందని కాదు, మందిలో ఉన్నానని.

రేపు లంచ్‌కి ఆ తమ్ముణ్ణి నేనే వెళ్ళి పిలుస్తాను. అన్నని కూడా అదే బల్ల దగ్గర కూర్చోబెడతాను. డాలరు నోటు మాత్రం పర్సులోనే ఉంచమని చెబుతాను. మీ ఆఫీసుల్లోనూ ఇలాంటి బల్లలు ఉండే ఉంటాయి. మీరు ఎటువైపు కూర్చుని నవ్వారు?