కయ్య గట్టు నుంచి పత్రికాఫీసుకు: కోట సీమలో విలేకరి వృత్తి

నెల్లూరు సీమలో వరిమడిని కయ్య అంటారు. చెరువు నిండి పొర్లే చోటు కలుజు. ఎండాకాలం వేసే పంట ఎడగారు. ధాన్యం లెక్క పుట్లలో ఉంటుంది, పుట్టి అంటే నెల్లూరు జిల్లాలో సుమారు 850 కిలోలు. కోట చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్రికకు వార్త రాసేవారు అక్షరాలకన్నా ముందు నేర్చిన మాటలివి. ఎడగారుకు నీళ్లు వదులుతారా లేదా, పుట్టి ధర ఎంత పలికింది, కలుజు ఎక్కడ తెగింది అన్న మూడు సంగతులతోనే ఈ ప్రాంతపు వార్తల్లో చాలా భాగం నడిచింది. రైతుబిడ్డ విలేకరి కావడం ఇక్కడ వింతేమీ కాదు. మొదటి నుంచీ ఈ పని ఎక్కువగా వ్యవసాయ కుటుంబాల చేతిలోనే ఉంది.

కోట గూడూరుకు ఆగ్నేయంగా, సముద్రానికి దగ్గరలో ఉన్న మండల కేంద్రం. తీరం వెంట ఇసుక నేలలు, వాటిలో వేరుశనగ, సరుగుడు తోటలు. లోపలికి వచ్చేకొద్దీ చెరువుల కింద వరి. దక్షిణాన వాకాడు మీదుగా స్వర్ణముఖి సముద్రం వైపు సాగుతుంది. ఆ దిక్కునే ఉన్న దుగరాజపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో వర్తకస్థావరం పెట్టింది. కంపెనీ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో చోటు సంపాదించాక స్థావరం అటు తరలిపోయింది. ఆ తరలింపు ఫలితం మూడు శతాబ్దాలపాటు కోట సీమ మీద కనిపించింది. పెద్ద కోర్టు, కాలేజీ, అచ్చాఫీసు, చివరికి తెలుగు దినపత్రికలు కూడా మద్రాసులోనే చేరాయి. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి పూర్తయ్యాక, గూడూరులో బండెక్కిన కుర్రవాడు పత్రికల ఊళ్లో దిగేవాడు. మద్రాసులో అచ్చయిన పత్రికల కట్టలు అదే దారిన వెనక్కి గూడూరు చేరేవి.

ఈ జిల్లా నుంచి పత్రికా వృత్తిలోకి వెళ్లిన తొలితరంలో ముందుగా చెప్పవలసిన పేరు దంపూరు నరసయ్య. 1849లో పుట్టారు. మద్రాసులో 'పీపుల్స్ ఫ్రెండ్' అనే ఇంగ్లీషు వారపత్రికను 1881 నుంచి దాదాపు పదహారేళ్లు నడిపారు. ఇంగ్లీషులో పత్రిక నడిపిన తొలి తెలుగువాడిగా ఆయనను పరిశోధకుడు కాళిదాసు పురుషోత్తం వెలికితీసేదాకా తెలుగు పత్రికల చరిత్రలు ఆయన్ను దాదాపు మరిచిపోయాయి. అయితే కోటలాంటి ఊళ్లకు సంబంధించినంతవరకు ఇంగ్లీషు పత్రికకన్నా ఆయన తర్వాత చేసిన పని ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో నెల్లూరు నుంచి 'ఆంధ్రభాషా గ్రామవర్తమాని' అనే వారపత్రిక తెచ్చారు. పేరులోనే గ్రామం ఉంది. పట్నపు ఇంగ్లీషు పాఠకుల కోసం అంతకాలం రాసిన మనిషి చివరి రోజుల్లో పల్లె పాఠకుడి వైపు తిరగడం ఆ కాలానికి చాలా పెద్ద మలుపు. ఆయన 1909లో చనిపోయారు. ఆ ముందు ఏడాదే బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా మొదలైంది. అది 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది.

1896లో పుట్టిన ఖాసా సుబ్బారావుదీ ఈ జిల్లానే. టంగుటూరి ప్రకాశం నడిపిన 'స్వరాజ్య'లో పనిచేసి, తర్వాత సొంతంగా 'స్వతంత్ర' వారపత్రిక నడిపి, 1956లో మరో 'స్వరాజ్య' ప్రారంభించారు. కానీ ఆయన దారి మద్రాసు దారి, ఇంగ్లీషు దారి. కయ్య గట్టుకు దగ్గరగా వచ్చిన పత్రిక వేరు.

అది జమీందారీ తగాదాలోంచి పుట్టింది. నెల్లూరు జిల్లాలో విస్తారమైన భూములు వెంకటగిరి సంస్థానం కింద ఉండేవి. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చింది గాని, శిస్తు పెంపు మీద, చెరువుల మరమ్మతు మీద, పశువుల మేత, అడవి కలప మీద తగాదాలు తెగలేదు. చెరువు బాగుచేయించవలసింది జమీందారు, శిస్తు కట్టవలసింది రైతు. చెరువు పూడిపోయినా శిస్తు మాత్రం తగ్గేది కాదు. దాని మీద రైతు చేయగలిగింది అర్జీ పెట్టడం. అర్జీ రాయడానికి ఊళ్లో నాలుగక్షరాలు వచ్చినవాడు కావాలి. సర్వే నంబరు, శిస్తు మొత్తం, తూము పేరు, తేదీ తప్పు లేకుండా రాయగలిగితేనే అర్జీ నిలబడుతుంది. వార్తకు కావలసిన లక్షణాలూ అవే. నెల్లూరు జిల్లా గ్రామీణ విలేకరికి పూర్వీకుణ్ణి వెతకాలంటే కవుల్లో కన్నా ఈ అర్జీ రాసేవాళ్లలో వెతకడం సబబు.

1920ల చివర ఆ అర్జీలకు పత్రిక దొరికింది. నెల్లూరు జిల్లా సింగపేటలో 1897లో పుట్టిన న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య, పొట్లపూడి వ్యవసాయ కుటుంబపు కోడలు పొణకా కనకమ్మ జమీందారీ రైతుల పక్షాన పత్రిక తేవడానికి పూనుకున్నారు. కనకమ్మ అచ్చుయంత్రం కొనిచ్చారు. పత్రికకు రాసేవాళ్లు దొరకవచ్చు, చదివేవాళ్లూ దొరకవచ్చు, అచ్చువేసేవాడు జమీందారుకు భయపడితే అన్నీ ఆగిపోతాయి. కాబట్టి ఆమె ఇచ్చిన విరాళం సరిగ్గా అవసరమైన చోట పడింది. 1930ల నుంచి ఈ పత్రిక 'జమీన్ రైతు'గా నెల్లూరు వెంకట్రామానాయుడు సంపాదకత్వంలో నిలదొక్కుకుంది. ఎన్.జి. రంగా నాయకత్వంలో రైతు సంఘాలు జమీందారీ గ్రామాల్లో తిరుగుతున్న కాలమది. 1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చాక ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడి, 1938లో నివేదిక ఇచ్చింది. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో. తాను పుట్టిన తగాదా చట్టంతో తీరిపోయాక పత్రిక కూడా ఆగిపోవాలి. 'జమీన్ రైతు' ఆగలేదు. జిల్లా రాజకీయాలు, కాలవ నీళ్లు, అధికారుల వ్యవహారాలు, సినిమా సమీక్షలు రాస్తూ వారపత్రికగానే తొంభై ఏళ్లు దాటింది. రాజధానికి మారకుండా జిల్లా కేంద్రంలోనే ఉండి ఇంతకాలం బతికిన తెలుగు పత్రికలు చాలా తక్కువ.

ఆ పత్రిక వల్ల పల్లెల్లో ఒక అలవాటు స్థిరపడింది. ఊళ్లో జరిగినదాన్ని ఉత్తరంగా రాసి నెల్లూరుకు పంపితే అచ్చులో వస్తుందని తెలిసింది. జీతం లేదు, కార్డు లేదు. పేరు పడితే చాలు. చదువుకున్న రైతు, బడిపంతులు, హోమియో వైద్యుడు, సైకిల్ షాపు యజమాని లాంటివారు ఆ కాలపు విలేకరులు.

నేల సొంతంగా లేనివాళ్ల సంగతి ఇక్కడ చెప్పకుండా వదిలేయడం సరికాదు. కోట, వాకాడు, చిల్లకూరు తీరమంతా యానాదుల ఊళ్లు ఉన్నాయి, మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి. రాఘవయ్య యానాదుల కోసం సంఘం నడిపారు, వారి మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు, పద్మభూషణ్ అందుకున్నారు. అయినా పత్రికకు ఉత్తరం రాసే చెయ్యి మాత్రం చాలాకాలం కయ్యలున్నవాడిదే. యానాది వార్తయ్యాడు, విలేకరి కావడం అరుదు.

స్వాతంత్ర్యం తర్వాత చదువు ఊరికి దగ్గరైంది. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. కోట పక్కనే విద్యానగర్‌లో నేదురుమల్లి కుటుంబం పెట్టిన ఎన్.బి.కె.ఆర్. సంస్థలు వెలిశాయి, అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ 1979 నాటిది. డిగ్రీ కోసం మద్రాసు రైలెక్కే అవసరం తగ్గింది. పత్రికలు కూడా దిక్కు మార్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తెలుగు పత్రికలు మద్రాసు నుంచి క్రమంగా విజయవాడకు, హైదరాబాదుకు వచ్చాయి.

అసలు మార్పు తెచ్చింది 'ఈనాడు'. దాన్ని స్థాపించిన రామోజీరావుది కృష్ణా జిల్లా పెదపారుపూడి వ్యవసాయ కుటుంబం. ఆయన 1974లో విశాఖపట్నంలో దినపత్రిక పెట్టకముందే, 1969లో 'అన్నదాత' అనే వ్యవసాయ మాసపత్రిక నడిపారు. పల్లె పాఠకుడు డబ్బిచ్చి పత్రిక కొంటాడన్న నమ్మకం అక్కడే కుదిరి ఉండాలి. 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాయి. ప్రతి జిల్లాకూ రోజూ కొన్ని పేజీలు నింపాలంటే ప్రతి మండలం నుంచీ వార్త రావాలి. కోటలాంటి మండల కేంద్రంలో విలేకరి తప్పనిసరి అయిన రోజు అది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి.

అలా పుట్టిన ఉద్యోగానికి కంట్రిబ్యూటర్ అని పేరు. ఉద్యోగమనడం కూడా కొంత ఉదారమే. నెలజీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలతకు ఇంత అని ఇచ్చే మొత్తాన్ని లైనేజీ అంటారు. రెండు ఎకరాల వరి ఉన్నవాడో, ఎరువుల అంగడి నడిపేవాడో, ట్యూషన్ చెప్పేవాడో దీన్ని చేయగలడు గాని, దీని మీదే బతకగలిగేవాడు లేడు. చాలాచోట్ల పత్రిక ఏజెన్సీ, చందాలు, ప్రకటనల సేకరణ కూడా ఆ మనిషి మీదే పడ్డాయి. పొద్దున్నే కట్టలు విప్పి పంచాలి, పగలు తహసీల్దారు కార్యాలయం, పోలీస్ స్టేషన్ తిరగాలి, సాయంత్రం రాసిన కాగితాలను కవర్లో పెట్టి నెల్లూరు పోయే ఆర్టీసీ బస్సులో కండక్టరుకు ఇవ్వాలి. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. అవతల డెస్కులో ఉన్నవాడు కూడా తరచుగా మరో మండలపు రైతుబిడ్డే కాబట్టి, కలుజు అని రాస్తే అలుగు అని దిద్ది రాష్ట్రమంతటికీ అర్థమయ్యేట్టు చేసేవాడు. యాసను దిద్దడం ఈ వృత్తిలో మొదటి శిక్షణ. కొందరు అక్కడితో ఆగకుండా హైదరాబాదులోని జర్నలిజం స్కూలు పరీక్ష రాసి డెస్కులకు, 1995లో వచ్చిన జెమిని, ఈటీవీలకు, 2004లో టీవీ9తో మొదలైన వార్తా చానళ్లకు వెళ్లారు.

ఊరి వార్తకు ఎంత బలముందో 1992లో జిల్లా చూసింది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చిన దూబగుంట ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, సారా అంగడి మూయించారు. అది ముందు వాచకంలో పాఠమైంది, ఆపైన దినపత్రికల్లో రోజువారీ వార్తయింది. 'ఈనాడు' దాన్ని తన సొంత పోరాటంగా భుజాన వేసుకుంది. ఒక ఊళ్లో జరిగినది పక్క మండలానికి మర్నాడే తెలియడానికి కారణం జిల్లా పేజీలు, ఆ పేజీలు నింపిన మండల విలేకరులు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ వార్తలు మోసుకెళ్లిన కంట్రిబ్యూటర్ల పేర్లు ఎక్కడా లేవు, వాళ్ల వార్తల మీద పేరు వేసే ఆనవాయితీ లేదు కాబట్టి.

అదే దశకంలో కోట తీరపు వార్తల స్వభావం మారింది. కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ గుంటల్ని తుడిచిపెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల సాగు మీద తీర్పు ఇచ్చింది. పుట్టి ధర రాసిన చేత్తోనే కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర, రాయవలసి వచ్చింది, పక్క పొలంలోకి ఉప్పునీరు ఊరిన తగాదా కూడా. ఇక్కడ విలేకరి కష్టం ఒకటుంది. గుంట వేసినవాడు బంధువు, పొలం చెడినవాడు పక్కింటివాడు. సిలికా ఇసుక తవ్వకాల వార్తలోనూ ఇదే చిక్కు. పట్నపు విలేకరికి లేని ఇబ్బంది ఇది: రాసిన మర్నాడు కూడా ఆ ఊళ్లోనే ఉండాలి. కోట నుంచి కొన్ని వార్తలు ఆలస్యంగా వెళ్లడానికి, కొన్ని అసలు వెళ్లకపోవడానికి బెదిరింపు కన్నా ఈ బంధుత్వమే పెద్ద కారణం.

బస్సు కవరు తర్వాత ఫ్యాక్సు, ఆపైన ఈమెయిల్, ఇప్పుడు ఫోనులోంచే వార్త, ఫోటో, వీడియో పోతున్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు డివిజన్‌తో పాటు కోట తిరుపతి జిల్లాలో చేరడంతో వార్త పోవలసిన చిరునామా కూడా మారింది.

మారనిది చట్టంలో ఒక మాట. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం పత్రికా రచన ముఖ్య వృత్తిగా ఉన్నవాడే జర్నలిస్టు. వరి మీదో అంగడి మీదో బతుకుతూ మండలమంతటి వార్తలు రాసే మనిషి ఆ నిర్వచనం గట్టు మీదే నిలబడిపోయాడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకొని, టీవీలో, డిజిటల్ మాధ్యమాల్లో పనిచేసేవారిని కూడా నిర్వచనంలో చేర్చింది. ముఖ్య వృత్తి అన్న షరతు మాత్రం అలాగే ఉంది.