క్రీడ్‌మూరు గురిపందెము



గురివిద్య యనగానే మనకు ద్రోణాచార్యుని శిష్యులు స్ఫురింతురు. కొమ్మమీది పక్షి శిరస్సు దక్క వేఱొండు గానని యర్జునుని కథ మన యిండ్ల పసిపిల్లలకును దెలియును. అయితే అర్జునుడు రాజపుత్రుడు. పరమగురువు చెంత బాల్యముననే విల్లు పట్టినవాడు. అట్టి పరంపర యేమియు లేక, తన వృత్తి తాను చేసికొను గృహస్థు పెద్దవాడైన పిదప గురి నేర్వబూనిన, అది యతనికి పట్టువడునా? ఈ ప్రశ్నకు 1874వ సంవత్సరమున అమెరికా దేశమందు జరిగిన యొక పందెము సమాధానము చెప్పినది. దానిని తమకు మనవి చేసెదను.

అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ సాగిన అంతర్యుద్ధము 1865లో ముగిసినది. ఆ యుద్ధమున కాల్చిన గుండ్లు లెక్కకు మిక్కిలి. గురికి తగిలినవి మాత్రము స్వల్పము. ఈ కొఱత గుర్తించినవారిలో జార్జి వింగేటు అను న్యాయవాదియు, విలియం చర్చి అను పత్రికాసంపాదకుడును ముఖ్యులు. వీరు 1871లో న్యూయార్కున జాతీయ రైఫిలు సంఘమును స్థాపించిరి.

రైఫిలనగా నేమి? సాదా తుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. రైఫిలు గొట్టము లోపల మరచుట్టువలె గాడులు చెక్కబడియుండును. అందుచే గుండు గిఱ్ఱున దిరుగుచు వెలువడును. తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే, ఆ గుండును తలక్రిందులు గాక దూరము వరకు తిన్నగా బోవును.

వింగేటు శిక్షాగ్రంథ మొకటి రచించెను. అందలి క్రమము ముచ్చటైనది. మొదటనే తూటా చేతికియ్యరు. తుపాకిని ఇసుకసంచిపై నుంచి, వెనుకటి గురిగాడియు, కొనయందలి ముల్లును, లక్ష్యమును ఒక్క వరుసకు దెచ్చుట నేర్పుదురు. పిమ్మట నిలుకడ, ఊపిరి బిగబట్టుట, మీటను గుంజక మెల్లగా నొత్తుట. ఆపైన దీపపరీక్ష. ఖాళీ తుపాకికి నిప్పుటోపి మాత్రము తొడిగి, గొట్టపు కొనకు చేరువనున్న క్రొవ్వొత్తిని గురిచూచి మీట నొత్తవలెను. గురి నిలిచెనా, టోపి పేలిన యూపు గొట్టముగుండ బోయి దీపము నార్పును. చేయి వణకెనా, దీపము వెలుగుచునే యుండును. తప్పొప్పులు చెప్పుటకు వేఱు గురువక్కఱలేదు.

అభ్యాసమునకు తగిన బయలు కావలెను గదా! న్యూయార్కు చెంతనున్న లాంగ్ ఐలెండున క్రీడ్ అను కుటుంబమువారి పొలమును సంఘమువారు కొని, 1873లో గురిబయలుగా దెఱచి, దానికి క్రీడ్‌మూరని పేరిడిరి.

ఆ యేడే ఇంగ్లండులోని వింబుల్డనులో ఐర్లండు జట్టు, ఇంగ్లీషువారిని స్కాట్లండువారిని జయించి ప్రసిద్ధి కెక్కెను. ఆ జట్టు పక్షమున మేజరు లీచి యను నతడు అమెరికా పత్రికాముఖమున పందెమునకు పిలుపు పంపగా, వింగేటు నడపుచున్న చిన్న క్లబ్బు అంగీకరించెను. ఆ క్లబ్బువారిలో న్యాయవాదులును, తుపాకుల కర్మాగారమున పనిచేయువారును గలరు. కొందఱు పూర్వము యుద్ధము చూచినవారే యైనను, వేయి గజముల గురి వారికి క్రొత్త. గాలి కొంచెము వీచినను అంత దూరమున గుండు అడుగుల కొలది ప్రక్కకు తొలగును. కావున జెండాల కదలిక, వెలుతురు, తాము గురిసాధనమును సవరించిన కొలత, ఇవన్నియు పరిశీలించుచు వారు సాధన చేసిరి.

1874 సెప్టెంబరు 26వ తేదీన పందెము జరిగెను. జట్టున కాఱుగురు. ఒక్కొక్కరు 800, 900, 1000 గజముల దూరములందు 15 గుండ్ల చొప్పున కాల్చవలెను. నడిమి నల్లచదరమున తగిలిన 4 అంకములు, దాని వెలుపల 3, అంచులందు 2. మొదటి దూరమున అమెరికావారికి 326, ఐర్లండువారికి 317. రెండవదాన 310, 312. పిమ్మట ఐర్లండువారు తమ వంతు ముగించి 931 అంకములతో నిలిచిరి. అమెరికావారికి 930 అంకములును, ఒక్క గుండును మిగిలెను.

ఆ గుండు కల్నల్ బోడైను అను నాతనిది. అంతకు కొంచెము మునుపే ఆయన చేతిలో అల్లపుపానీయపు సీసా పగిలి చేయి తెగినది. గుడ్డ చుట్టుకొని నేలపై బోర్లపరుండి ఆయన గురి చూచెను. గుండు తప్పిన ఓటమి. అది నడిమి చదరమున తగిలెను. 934కు 931!

ఇక వినదగిన మాట యింకొకటి. ఐర్లండు జట్టులోని మిల్నరు అను నేర్పరి అదే పందెమున ఒక గుండును సరిగా నడిమి చదరమునకే కొట్టెను. అయితే అది తన లక్ష్యము గాదు, ప్రక్కవారిది. అందుచే దానికి సున్న. పోయినవి నాలుగంకములు, ఓడినది మూడంకములతో. అతని చేతియందు లోపము లేదు, కంటియందు లోపము లేదు. ఎదుటనున్నది తనదా, పొరుగువానిదా యని యరసి చూచుటయే కొఱవడినది.

నేడీ విద్యను క్రొత్తగా నేర్చువారు తఱచుగా పది మీటర్ల గాలితుపాకితో ప్రారంభింతురు. అందలి నడిమి చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజకంటెను చిన్నది. ఆ పోటీయందే 2008లో బీజింగున అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో లండనున మన హైదరాబాదునందు పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమును గెలిచిరి. వీరును సైనికవృత్తివారు గారు, పౌరులే.

కావున విద్యకు వంశము కారణము గాదు, వయస్సు అడ్డము గాదు. దీపము ముందు ఓర్పుతో కూర్చుండువానికి అది లభించును. కాని యెంత నేర్చినవాడైనను, మీట నొత్తుటకు ముందు తన లక్ష్యమేదో మఱియొక్కసారి చూచుకొనవలెను. మన పిల్లలకు ఈ రెండు మాటలును కలిపియే చెప్పుదము.