ఒట్, యూదుడు

ఉస్తాద్ అని మనం అనే మాటని జర్మన్లు 'మైస్టర్' అంటారు. పదిహేనో శతాబ్దంలో ఆస్ట్రియా ప్రభువులకి కుస్తీ ఉస్తాద్‌గా ఉన్న ఒట్ గురించి మన చరిత్ర పుస్తకాలు చెప్పవు. మేం చెప్పుకుంటాం.

కత్తిసాములో కుస్తీకేం పని అనుకోవద్దు. ఒంటినిండా ఇనుప కవచం తొడుక్కున్నవాడికి కత్తివేటు తగలదు. మీదపడి, పట్టుబట్టి, కిందపడేసి, కవచం సందుల్లో బాకు దించాలి. అందుకే జర్మన్ కత్తిసాము పుస్తకాల్లో కుస్తీ పట్లుంటాయి. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నవి ఒట్ పట్లు. ఇప్పుడు రోమ్‌లో ఉన్న 1452 నాటి చేతిరాత పుస్తకంలోనూ అవే.

కుస్తీకి విద్య, చురుకుదనం, బలాన్ని సరిగ్గా వాడటం కావాలంటాడు ఒట్. మూడింట్లో చురుకుదనమే గొప్పదట. బలహీనుడి మీదికి ముందే పోవాలి. సమానుడితో ఒకేసారి కలబడాలి. బలవంతుణ్ని మాత్రం ముందు కదలనివ్వాలి. బలవంతుల మధ్య బతికినవాడికే ఇది తడుతుందని మా అనుమానం. రుజువు అడిగితే లేదు.

1470 ప్రాంతంలో పౌలుస్ కాల్ అనే ఉస్తాద్ తమ గురువుల జాబితా రాశాడు. అందులో పీటర్‌కి డాన్‌జిగ్ అనే ఊరిపేరుంది. ఒట్‌కి ఊరు లేదు. 'ఒట్ యూద్' అని ఉంది. అంటే యూదుడైన ఒట్. అతను బాప్తిస్మం తీసుకున్నవాడని కొన్ని ప్రతులే చెబుతున్నాయి. మతం మారాడు, దొరలకి విద్య నేర్పాడు, గురువుల వరసలో చోటు సంపాదించాడు. అయినా ఆ మాట ఊడలేదు.

ఆ ఆస్ట్రియా ఎలాంటిదో కూడా చూడాలి. 1420లో డ్యూక్ ఐదో ఆల్బ్రెక్ట్ పేద యూదుల్ని పడవలెక్కించి డాన్యూబ్ నది మీద తరిమేశాడు. డబ్బున్నవాళ్లని ఖైదు చేసి ఆస్తులు లాక్కున్నాడు. బాప్తిస్మానికి ఒప్పుకోని రెండు వందలమందికి పైగా యూదుల్ని 1421 మార్చి 12న వియన్నా పక్కన ఎర్డ్‌బెర్గ్‌లో కాల్చి చంపించాడు. వాళ్ల ప్రార్థనాలయాన్ని కూలగొట్టి ఆ రాళ్లు విశ్వవిద్యాలయం కట్టడానికి వాడారు. చదువుల గోడల్లో ఆ రాళ్లు!

అంతకు రెండు శతాబ్దాల ముందే సాక్సన్ల ధర్మశాస్త్రం, ఆయుధం పట్టిన యూదుడికి రాజు రక్షణ ఉండదంది. యూదుడంటే పోట్లాట చేతకానివాడనే మాట పుట్టడానికి ఇలాంటి చట్టాలు చాలవా? ఒట్ ఒక్కడే కాదు. లెవ్ అని ఇంకో ఉస్తాద్ ఉన్నాడు. ఆగ్స్‌బర్గ్‌లో ఉన్న ఒక కత్తిసాము పుస్తకాన్ని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. అతని పేరు పక్కనా అదే మాట, యూద్.