అమ్మ గలీబులు, గోనెగుడ్డ బొమ్మలు

మొన్న పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు, అటక దులుపుతుంటే అమ్మ ట్రంకుపెట్టె కిందికి దిగింది. అమ్మ పోయి నాలుగేళ్ళవుతోంది. పెట్టె తీసిన వాళ్ళెవరూ లేరు. పైన కలరా ఉండల వాసన, కింద మడతపెట్టిన గుడ్డలు. నాలుగు తలగడ గలీబులు, పాత రేడియో మీద కప్పే నెమలి గుడ్డ, సగం కుట్టి వదిలేసిన ఒక టేబుల్ క్లాత్. గలీబుల మీద ఇంగ్లీషులో "స్వీట్ డ్రీమ్స్" అని ఉంటుంది, మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు. కార్బన్ పేపరు పెట్టి అచ్చు దింపుకుని కాడకుట్టు వేసింది. ఒక గలీబు మీద ఎస్ అక్షరం తిరగబడింది. చిన్నప్పుడు దాన్ని చూసి నేనూ తమ్ముడూ ఎంత నవ్వేవాళ్ళమో!

మా మరదలు మంచిదే, కానీ ఇల్లు సర్దడంలో ఆమెకి జాలి లేదు. "వదినా, ఇవన్నీ వేస్తే స్టీలు సామానువాడు ఒక డబ్బా అయినా ఇస్తాడు" అంది. మా అమ్మాయి గలీబు తిరగేసి చూస్తూ, "అమ్మా, అమ్మమ్మ చేసినదాన్ని ఆర్ట్ అంటారా, క్రాఫ్ట్ అంటారా?" అని అడిగింది. "ఏదీ కాదే, కాలక్షేపం" అన్నాను. అనేశాక నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఆ మాట నాది కాదు. మా నాయనమ్మ అమ్మని అనే మాట.

ఇంటికొచ్చాక ఆ గుచ్చుకున్నదాని వెంటపడి కొన్ని పుస్తకాలు చదివాను. కుట్టుపనిని కళ కాదని మొదట ఎవరన్నారు? తీరా చూస్తే దానికీ ఒక తేదీ లాంటిది ఉంది. లండన్‌లో రాయల్ అకాడమీ 1768లో పెట్టారు. రెండేళ్ళు తిరగకుండానే, 1770లో, తమ ప్రదర్శనల్లోకి సూదిపని, కాగితపు పూలు, గవ్వల పని లాంటివి రాకూడదని నియమం చేసుకున్నారు. అవన్నీ ఆడవాళ్ళు ఇళ్ళల్లో చేసేవే అన్నది గమనించండి. అంతకు ఐదారు వందల ఏళ్ళ ముందు అదే ఇంగ్లండులో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి కార్ఖానాల్లో బంగారు జరీతో కుట్టిన చర్చి వస్త్రాలకి యూరప్ అంతా గిరాకీ ఉండేది. పని అదే, సూదీ అదే. ఇంట్లోకి వచ్చి ఆడవాళ్ళ చేతిలో పడేసరికి విలువ దిగిపోయింది. రోజికా పార్కర్ అనే ఆవిడ 1984లో ఈ చరిత్ర మీద ఒక పుస్తకమే రాసింది. (మన ఊళ్ళో మగ్గం వర్కు చూడండి. కొట్టులో మగవాళ్ళు చేస్తే వాళ్ళు వర్కర్లు, జాకెట్టుకి వేలల్లో తీసుకుంటారు. అదే మనం ఇంట్లో చేస్తే "ఖాళీగా ఉంది కదా, ఏదో కుట్టుకుంటోంది".)

కాలక్షేపం అన్న మాటకి ఒక లాభం కూడా ఉందని చదివితే తెలిసింది. ఎవరూ అనుమానించరు. 1912లో ఓటు హక్కు కోసం లండన్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టిన ఆడవాళ్ళని హాలోవే జైల్లో పెట్టారు. వాళ్ళు ఒక చేతిరుమాలు మీద తమ సంతకాలు రంగు దారాలతో కుట్టారు, అరవై ఆరు పేర్లు. జైలు వాళ్ళ కళ్ళెదుటే చేతులు మారుతూ తిరిగింది ఆ రుమాలు. అందులో చాలామంది నిరాహారదీక్ష చేసి, బలవంతంగా గొట్టంతో తిండి పోయించుకున్నవాళ్ళు. ఆ రుమాలు దశాబ్దాల తర్వాత ఎక్కడ దొరికిందనుకున్నారు? ఒక పల్లెటూళ్ళో పాతసామాన్ల అమ్మకం అయ్యాక, తగలబెట్టడానికి వేసిన కుప్పలో! ఇది చదివినప్పుడు నాకు స్టీలు డబ్బా గుర్తొచ్చింది.

జర్మనీలో ఆగ్నెస్ రిక్టర్ అని ఒక దర్జీ పనిచేసే ఆవిడ. 1895 ప్రాంతంలో పిచ్చాసుపత్రిలో ఉండగా, అక్కడి బూడిదరంగు నారగుడ్డతోనే ఒక కోటు కుట్టుకుని, దాని లోపలా బయటా తన మాటలు దారంతో రాసుకుంది. చాలా అక్షరాలు ఒంటికి రాసుకుని అరిగిపోయాయి, ఇప్పుడు పూర్తిగా చదవలేరు. ఉతుకుడుకి ఆమె గుర్తుగా ఇచ్చిన 583 అన్న నంబరు కూడా అందులో మళ్ళీ మళ్ళీ కుట్టి ఉంది. ఇప్పుడది హైడెల్‌బర్గ్‌లోని ప్రిన్జ్‌హార్న్ సేకరణలో ఉంది.

నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వనిది మాత్రం చిలీ దేశపు కథ. 1973 సెప్టెంబరు 11న అక్కడ జనరల్ పినోషే సైన్యంతో ప్రభుత్వాన్ని కూల్చేశాడు. తర్వాత రాత్రిపూట ఇళ్ళల్లోంచి మగపిల్లల్ని, భర్తల్ని పట్టుకెళ్ళారు. కొందరు ఆడవాళ్ళనీ. చాలామంది మళ్ళీ కనబడలేదు. చచ్చారని చెప్పరు, బతికున్నారని చెప్పరు. తల్లులూ భార్యలూ జైళ్ళ దగ్గరా, శవాగారాల దగ్గరా ఒకరికొకరు ఎదురుపడుతుండేవాళ్ళు. సంపాదించేవాడు పోయాడు, ఇంట్లో పొయ్యి వెలగదు. 1974లో శాంటియాగోలో చర్చి ఆసరాతో వీళ్ళు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు. 1976 నుంచి కేథలిక్ చర్చి పెట్టిన వికారియా అనే సంస్థ వాళ్ళకి అండగా నిలిచింది.

వాళ్ళు కుట్టినవాటిని ఆర్పియేరాలు అంటారు. స్పానిష్‌లో ఆ మాటకి గోనెగుడ్డ అనే అర్థం. గోనెసంచి ముక్క మీద పాత బట్టల పీలికలు అతికి కుట్టి, చిన్న చిన్న గుడ్డబొమ్మలు పైకి లేచేలా నిలబెట్టి, చుట్టూ ఉన్నితో అల్లిక అంచు వేసేవారు. కొందరు తప్పిపోయిన మనిషి చొక్కాలోంచే ముక్క కత్తిరించి వాడేవారట. పైన ఆండీస్ కొండలు, ఒక పచ్చని సూర్యుడు, రంగురంగుల ఇళ్ళు. దూరం నుంచి చూస్తే చిన్నపిల్లల గదిలో వేలాడదీసే బొమ్మే. దగ్గరికెళితే పోలీసు బండి, గొలుసులతో తమని తాము కంచెకి కట్టేసుకున్న ఆడవాళ్ళు, పేటంతా కలిసి వండుకునే ఒకే ఒక గంజి కుండ, "ఎక్కడున్నారు?" అని రాసిన గుడ్డ. వెనకవైపు చిన్న జేబు పెట్టి, అందులో నాలుగు మాటలు రాసిన చీటీ దాచేవారు కొందరు. కింద పేరు మాత్రం కుట్టేవారు కాదు, ప్రాణభయం.

మొదట్లో సైనిక ప్రభుత్వం వీటిని పట్టించుకోలేదు. గుడ్డముక్కలతో ఆడవాళ్ళు బొమ్మలు చేసుకుంటుంటే ఎవడు లెక్కచేస్తాడు? అవి వికారియా ద్వారా విదేశాలకి వెళ్ళేవి, దేశం విడిచిపోయినవాళ్ళూ, హక్కుల సంఘాలవాళ్ళూ కొనేవారు. ఆ డబ్బుతో పిల్లలకి రొట్టె వచ్చేది. పత్రికల్లో అచ్చు వేయలేని వార్తలు ఆ గుడ్డల మీద ప్రయాణం చేశాయి. తర్వాత సంగతి తెలిసి జప్తులూ సోదాలూ మొదలయ్యాయి. అయినా ఆగలేదు. 1988లో ప్రజలు పినోషేకి వద్దు అని ఓటు వేశారు. ఇప్పుడు శాంటియాగోలో 2010లో తెరిచిన జ్ఞాపకాల మ్యూజియంలో ఆ గుడ్డలు అద్దాల వెనక ఉన్నాయి.

ఆ దేశంలోనే వియోలెతా పార్రా అనే జానపద గాయని, జబ్బుచేసి మంచం మీద ఉన్న రోజుల్లో గోనెగుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టింది. 1964లో ఆమె పనులు పారిస్‌లో లూవ్ర్ ఆవరణలోని మ్యూజియంలో పెట్టారు. అంటే అక్కడి ఆడవాళ్ళకి గోనెగుడ్డ మీద బొమ్మ కొత్త కాదు. బొమ్మలో చెప్పవలసి వచ్చిన సంగతే కొత్త.

తర్వాత్తర్వాత సూదిదారాలు పెద్ద గేలరీల్లోకీ వచ్చాయి లెండి. అమెరికాలో జూడీ షికాగో 1979లో ముక్కోణపు భోజనాల బల్ల పెట్టి, చరిత్రలో 39 మంది స్త్రీలకి విస్తళ్ళు వేసినట్టు కుట్టుపని గుడ్డలు పరిచింది. ఇంగ్లండులో ట్రేసీ ఎమిన్ 1995లో ఒక డేరా లోపల తను పక్కన పడుకున్నవాళ్ళందరి పేర్లూ అతికి కుట్టింది, అమ్మమ్మ పేరూ ఉంది అందులో. 2004లో ఒక గోదాము అంటుకుని అది బూడిదైంది. అవి గొప్పవే. కానీ నా మనసు ఆ పేరులేని గోనెగుడ్డల దగ్గరే ఉండిపోయింది.

మనకీ ఉంది కదా నర్సాపురం. అల్లిక లేసు ఎంబ్రాయిడరీ కాదనుకోండి, కానీ కథ ఒకటే. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ అక్కడికొచ్చి పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. ఇంటిపని చేసుకుంటూ రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళని అందరూ గృహిణులనే అన్నారు, పనివాళ్ళని ఎవరూ అనలేదు. వాళ్ళ అల్లికలు మాత్రం ఓడలెక్కి విదేశాలకి పోయాయి.

అది చదివాక అమ్మ టేబుల్ క్లాత్ సగంలో ఎందుకాగిందో లెక్క వేసుకున్నాను. నేను ఏడో తరగతి. నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. అమ్మ రంగు దారాల డబ్బా మూసి, వీధిలో వాళ్ళ చీరలకి ఫాల్స్ కుట్టడం మొదలుపెట్టింది, చీరకి రెండు రూపాయలు. రాత్రి పదకొండింటికి కూడా లైటు కింద కూర్చుని ఉండేది. అప్పుడు నాయనమ్మ కాలక్షేపం అనడం మానేసింది. మిల్లు మళ్ళీ తెరవలేదు, ఆ డబ్బా కూడా.

టేబుల్ క్లాత్‌లో సూది అలాగే ఉంది, తుప్పు పట్టి గుడ్డకి గోధుమరంగు మచ్చ చేసింది. ఒక గులాబీకి మూడు రేకులు కుట్టి, రెండు వదిలేసింది. సూది తీద్దామని చూస్తే రాలేదు, లాగితే గుడ్డ చిరుగుతుంది. వదిలేశాను. పెట్టె మొత్తం మా ఇంటికి తెచ్చుకున్నాను. ఫోన్లో చిలీ కథ విన్నాక మా మరదలు ఒక గలీబు తనకి కావాలంది, తిరగబడిన ఎస్ ఉన్నదే.

ఆ గులాబీ రంగు దారం కోసం రెండు కొట్లు తిరిగాను, ఆ షేడ్ దొరకలేదు. మా అమ్మాయి నీలం ఉండ తెచ్చి, మిగిలిన రేకులు దాంతో వేస్తానంటోంది. నీలం గులాబీ ఏమిటే అన్నాను. ఇప్పటికి ఒక రేకు అయింది. కుట్లు కాస్త వంకరగా ఉన్నాయి.